పిల్లల కార్డులను పేకాట కేసుల కలపకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్ల జిల్లా పేజీల వచ్చిన ఒక వార్త గురించి ఈ ఉత్తరం. పైన మామిడితోటల పేకాట ఆడుతున్నోళ్లను పోలీసులు పట్టుకున్న వార్త ఉంది, అది మంచిగనే ఉంది, దాని కిందనే బాక్స్ కట్టి విద్యార్థులకు కూడ విదేశీ పేకాట అంటుకున్నదని ఇంకోటి రాసిండ్రు, చెట్టు కింద నలుగురు పోరగాళ్లు కార్డులు పట్టుకొని కూసున్న ఫొటో వేసిండ్రు. మొకాలు కనబడకుండ చేసిండ్రు, సంతోషం, కనీ కార్డులు సాఫ్ కనబడుతున్నయి. అవి మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే బొమ్మల కార్డుల ఆటయి, ఆ కార్డులు ప్రింట్ కొట్టింది నేనే సార్. అందుకే నేను రాయాల్సి వస్తున్నది.

హనుమకొండల నాది జిరాక్స్, డీటీపీ దుకాణం. రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు, స్పైరల్ బైండింగు, అప్లికేషన్లు, ఎండకాలం వస్తె లగ్గం పత్రికలు, ఇదే మా పని. ఈ కార్డుల పోరగాళ్లు పెన్‌డ్రైవ్‌ల పీడీఎఫ్ పట్టుకొస్తరు. ఒక్కో కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడుగు, ఏ4 షీటు మీద తొమ్మిది కూసుంటయి, అంటే 60 కార్డుల డెక్కుకు (ఒకరు ఆడే కట్టకు) ఏడు షీట్లు. షీటుకు 20 రూపాయల లెక్కన 140 అయితది. కటింగ్ వాళ్లే చేసుకుంటరు, నా కట్టర్ వాళ్లకు ఇచ్చి నేను పక్కన నిలబడత, వేళ్లు కోసుకుంటరని భయం. వెనక వైపు కంపెనీ బొమ్మ మాత్రం నేను కొట్ట, అసలు కార్డని ఎవనికన్న అమ్మితె ఆ పాపం నాకెందుకు.

ఇగ ఇక్కడ ఒక ముచ్చట మీ రిపోర్టర్ గారికి తెల్వకపోవచ్చు. పల్చటి కాగితం చేతిల నిలబడదు కదా, అందుకని ప్లాస్టిక్ స్లీవ్‌ల ముందట ఈ ప్రింటు పెట్టి వెనక ఒక పాత పేకముక్క పెడతరు, రెండింటి సైజు ఒక్కటే, గట్టిగ ఉంటది, కలుపుతందుకు వీలుగ ఉంటది. ఫొటో తీసినాయన వెనక నుంచి తీసిండు, ఆయనకు కనబడ్డది పేకముక్క వీపు. ఇంక ఆయన అడగలే, వీళ్లు చెప్పలే, పొద్దున లేస్తె వార్త అయింది. వార్త వచ్చిన తెల్లారే ఒక హాస్టల్ల వార్డెన్ గారు ఆ పోరగాళ్లల్ల ఒకని డెక్కు గుంజుకున్నరు, ఆ పిలగాని నాయనకు ఫోన్ చేసి మీ వాడు పేకాటల పడ్డడని చెప్పిండ్రట, నర్సంపేట దిక్కు పల్లెల పత్తి ఏరుకునేటాయన సార్, పేకాట అంటె ఏందో, అది ఎన్ని ఇండ్లు ముంచిందో ఆయనకు మనకంటె ఎక్కువ తెలుసు. ఆ రాత్రి ఆ ఇంట్ల ఎవ్వరు తిననే లేదట.

ఆ డెక్కుల ఏముందో చెప్తె మీకే అర్థమైతది. ఈ మ్యాజిక్ ఆటను రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల సారు తయారు చేస్తె 1993ల అమెరికాల విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ అచ్చేసింది. ఇద్దరు మంత్రగాళ్లు కొట్లాడుకుంటున్నరని అనుకోవాలె, ఒక్కొక్కరికి 20 ప్రాణాలు, మొదట చేతికి ఏడు కార్డులు. మైదానం, దీవి, బురదనేల, కొండ, అడవి అని ఐదు రకాల ల్యాండ్ కార్డులుంటయి, వాటిని పరుచుకొని, పక్కకు తిప్పి శక్తి తీసుకొని, ఆ శక్తితోని జీవులను, మంత్రాలను దించాలె. కార్డుల్ల కుటుంబాలుంటయి, ఎల్ఫ్‌లు, గాబ్లిన్లు, జాంబీలు ఇట్ల. ఫొటోల ఉన్నది స్లివర్ల కుటుంబం.

స్లివర్లు 1997ల టెంపెస్ట్ అనే సెట్టుతోని వచ్చినయి, మైక్ ఎలియట్ అనే ఆయన డిజైన్ చేసిండు. చూస్తె కోసు తలకాయ, పాము ఒళ్లు, కొక్కెం అసొంటి ఒక్కటే చెయ్యి, నాకైతె మొదటిసారి ప్రింటు బయటికి వస్తుంటె రోత అనిపించింది. కనీ వీటి రూలు చూడండి. ఒక స్లివర్‌కు ఏ గుణం ఉంటె ఆ గుణం బల్ల మీద ఉన్న స్లివర్లన్నిటికి వస్తది. మజిల్ స్లివర్ అని ఒకటుంది, దాని బలం 1/1, అంటే కొట్టే దెబ్బ ఒకటి, ఓర్చుకునే దెబ్బ ఒకటి, స్లివర్లన్నిటికి ఆ రెండింట్ల ఒక్కొక్కటి కలుపుతది, తనకు కూడ. ఒక్కటే ఉంటె అది 2/2, పెద్ద లెక్కల్లకు రాదు. రెండు మజిల్‌లు దించితె రెండూ 3/3. వాటి పక్కన వింగ్డ్ స్లివర్ దించితె అది కూడ 3/3 అయితది, పైగ ఇప్పుడు మూడూ ఎగురుతయి, ఎదుటోని దగ్గర ఎగిరేటియి లేకుంటె ఆపేటోడు లేడు. దాని మీద క్రిస్టలిన్ స్లివర్ పడ్డదనుకోండి, అది స్వతహాగ 2/2, ఇప్పుడు 4/4, ఇంక ఎదుటోడు ఏ ఒక్కదాన్ని గురి చూసి మంత్రం వెయ్యలేడు. నాలుగు కార్డులు, విడివిడిగ చూస్తె ఏదీ గొప్పది కాదు, కలిపితె 13 దెబ్బ ఒక్క తాపకు. రెండోసారికి ఎదుటోని 20 ప్రాణాలు ఖతం. చలిచీమల ముచ్చట మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే, దాన్ని లెక్కలల్ల పెట్టి చూపెట్టిండు ఆ ఎలియట్.

అసలు మజా ఏందంటే, పాత కార్డుల మీద స్లివర్లన్నిటికి అని రాసి ఉంటది, నా స్లివర్లకు అని ఉండదు. ఎదుటోడు కూడ స్లివర్లే తెస్తె నా గుణాలన్ని వానికి పోతయి, వాని గుణాలు నాకు వస్తయి. నేను రెక్కలు పెట్టుకుంటె వానికీ రెక్కలే. దీని మీద మా దుకాణం ముందట పెద్ద పంచాయితే అయింది ఒకనాడు, ఎవని కార్డు ఎవనికి లాభం చేస్తున్నదో తేలక. 2006ల ప్లేగ్ స్లివర్ అని ఒకటి తెచ్చిండ్రు, 5/5 ది, అది బల్ల మీద ఉంటె ఏ స్లివర్ ఎవ్వని దగ్గర ఉంటె దాని తరఫున వానికి తన వంతు వచ్చినప్పుడల్ల ఒక ప్రాణం పోతది, అందుకని స్లివర్ల గుంపు ఉన్నోని ఎదురుంగ కావాలని దీన్ని దించుతరు. మంచి పంచుకునేటోళ్లు రోగం కూడ పంచుకోవాల్సిందే అన్నట్టు. 2013ల కంపెనీ ఆ రూలు మార్చింది, కొత్త స్లివర్లు సొంతోళ్లకే గుణం ఇస్తయి, ఆకారం కూడ మనిషి ఆకారం చేసిండ్రు, పాత ఆటగాళ్లకు నచ్చలే. మా పోరగాళ్లు కూడ పాతయే ప్రింట్ కొట్టించుకుంటరు. నా మాట అడిగితె వాళ్లదే కరెక్టు, ఎదుటోనికి పోతదనే భయం లేకపోతె ఆటల పస లేదు.

వీటికి ఒక రాణి ఉంది, స్లివర్ క్వీన్, 1998ది, 7/7, ఐదు రకాల శక్తి పెడితెనే దిగుతది, దిగినంక చిన్న చిన్న స్లివర్లను కంటనే ఉంటది. మెటాలిక్ స్లివర్ అని ఇంకోటుంది, దానికి సొంత గుణం ఏమీ లేదు, అందరు ఇచ్చింది తీసుకుంటది అంతే. ఆటకు ఉన్న కథల అది గుంపుల తిరుగుతందుకు శత్రువు చేసి పంపిన దొంగ స్లివర్. వార్డెన్ గారు గుంజుకున్న డెక్కుల అన్నీ నా ప్రింట్లే, అసలు కంపెనీ కార్డు ఒక్కటే ఉంది, ఆ పిలగాని చుట్టం ఎవరో ఇచ్చింది, అది ఈ మెటాలిక్ స్లివర్. అన్ని నకిలీల మధ్యల ఉన్న ఒక్క అసలుదే కథల నకిలీ అని వాడు నాకు చెప్పుకుంట ఒక్కటే నవ్వు.

ఇందుల పేకాట ఏడుంది సార్? పైసలు లేవు, పందెం లేదు. ఓడితె మళ్ల కలుపుకుంటరు. ఉన్నదంత లెక్క. డెక్కుల ఒక కార్డు నాలుగుకు మించి పెట్టొద్దు, ల్యాండ్లకు మాత్రం ఆ రూలు లేదు. నాలుగు పెట్టినా 60ల నుంచి మొదటి ఏడు కార్డుల్ల అది కనీసం ఒక్కటన్న వచ్చే అవకాశం వందకు 40, ఇంటర్ సెకండియర్ లెక్కలల్ల ఉన్న కాంబినేషన్ల ఫార్ములాతోనే తీస్తరు ఇది, నా దుకాణంల పడేసిన రఫ్ కాగితాల వెనక నేను చూసిన. చేతిల ఉన్న స్లివర్లన్ని ఒక్కసారే పరిస్తె ఎదుటోడు రాత్ ఆఫ్ గాడ్ అనే కార్డు వేస్తడు, అది ఎవ్వరినీ గురి పెట్టదు, బల్ల మీది జీవులన్నిటిని ఊడుస్తది, అందుకని క్రిస్టలిన్ కూడ కాపాడదు. రెండు దాచిపెట్టుకున్నోడు మళ్ల లేస్తడు, ఆగమాగం అయినోడు కూలబడతడు. ఎప్పుడు దించాలె ఎప్పుడు ఆగాలె అనేదే ఈ ఆట.

పేకల రమ్మీని కూడ సుప్రీంకోర్టు 1960ల దశకంలనే, మన సికింద్రాబాద్ల ఉన్న ఒక క్లబ్బు కేసులనే, ఎక్కువ భాగం నేర్పు మీద నడిచే ఆట అని చెప్పింది. గొడవ అంత పైసలు పెట్టుడుతోని. అందుకే మన రాష్ట్రంల 2017ల చట్టం మార్చి పైసలు పెట్టి ఆన్‌లైన్ల ఆడేటియి బందు పెట్టిండ్రు, 2025ల కేంద్రం కూడ అదే పని చేసింది. ఆ చట్టాలు రావాల్సిందే, ఆన్‌లైన్ రమ్మీల పైసలు పోగొట్టుకున్నోళ్లు మా గల్లీల కూడ ఉన్నరు.

నేను ఒక దిక్కే మాట్లాడుతున్న అనుకోవద్దు. ఈ ఆట మొదట్ల పందెం లేకుండ పుట్టలే. 1993 నాటి రూల్స్‌ల యాంటె (ante) అని పందెం ఉండేది, ఆట మొదలుకాక ముందు ఇద్దరు చెరో కార్డు పక్కకు పెట్టాలె, గెలిచినోడు రెండూ తీసుకపోవాలె. పిల్లల తల్లిదండ్రులు ఊకుంటరా, ఏ దేశమైన ఒక్కటే కదా. మెల్లగ తీసేసిండ్రు, 1995 తర్వాత ఆ పందెం రాసి ఉన్న కార్డు కొత్తది రాలే, పాతయి అన్ని రకాల పోటీల్ల బ్యాన్. మీ రిపోర్టర్ గారు ఈ ముచ్చట పట్టుకొని రాస్తె నేను నోరు మూసుకుందు.

ఇంకా ఒకటి ఉంది, నిజంగ తిట్టాలంటె దాన్ని తిట్టాలె. కంపెనీ కార్డులు పెట్టి అమ్మే మూసిన ప్యాకెట్. లోపల ఏముందో తెల్వదు, పైసలు మాత్రం ముందు పెట్టాలె, చింపితె పనికొచ్చేది ఒక్కటి ఉంటె ఉంటది, మిగిలినయి డబ్బాలకు పోతయి, మళ్ల ఇంకో ప్యాకెట్. జాతరల తిప్పే చక్రం ముందట నిలబడ్డట్టే. మ్యాజిక్ ఒక్కటే కాదు, మన దగ్గర చిన్నపిల్లలు ఎక్కువ కొనేది పోకెమాన్ ప్యాకెట్లు, అవి కూడ అంతే, నకిలీయి ఐదు పది రూపాయలకు ప్రతి బడి ముందు అమ్ముతుండ్రు. వీడియో గేముల్ల ఇసొంటి మూసిన పెట్టెలను బెల్జియం 2018లనే జూదం కిందికి తెచ్చింది. మళ్ల ధరల సంగతి చూస్తె, కంపెనీ 1996ల కొన్ని పాత కార్డులు మళ్ల అచ్చెయ్యం అని మాటిచ్చింది, ఆ లిస్టుల స్లివర్ క్వీన్ కూడ చేరింది, అందుకని దాని ధర బాగ పెరిగింది, అసలుది ఒక్కటి కొనాలంటె నా అసొంటోని దుకాణం కిరాయి పోతది. పత్తి ఏరుకునేటాయన కొడుకు అది ఏడికెల్లి తెస్తడు? అందుకే 140 రూపాయలు పట్టుకొని నా దగ్గరికి వచ్చిండు, ఏ ప్యాకెట్ చింపలే, ఏ అదృష్టం చూసుకోలే, కావాల్సిన కార్డులు ఏరుకొని ప్రింట్ తీసుకున్నడు. జూదం ఉన్న భాగాన్ని పక్కకు పెట్టి ఆట మాత్రమే తీసుకున్న పోరని మీద మీరు పేకాట ముద్ర వేసిండ్రు.

విదేశీ అని కూడ రాసిండ్రు. ఆట విదేశీదే, కాదన. కనీ బొమ్మల కార్డులు, కార్డుల్ల కుటుంబాలు మనకు కొత్తయా? మన నిర్మల్ల బొమ్మలేసే నకాషోళ్లు గంజిఫా అనే పాతకాలం ఆట ముక్కలు చేసేటోళ్లు, గుండ్రంగ, చేత్తో రంగులేసి. దశావతార గంజిఫాల పది కుటుంబాలు, మత్స్యం, కూర్మం నుంచి కల్కి దాక, ఒక్కోదాంట్ల రాజు, మంత్రి, పది అంకె ముక్కలు, మొత్తం 120. పగటిపూట ఆడితె రాముని ముక్క ఉన్నోళ్లు మొదలుపెట్టాలె, రాత్రి అయితె కృష్ణుని ముక్క ఉన్నోళ్లు. ఎంత ఊహ ఉండాలె సార్ ఆ రూలు పెట్టినోళ్లకు. ఇప్పుడు నిర్మల్ అంటె కొయ్యబొమ్మలు మాత్రమే యాది వస్తయి అందరికి.

ఈ పోరగాళ్లు కూడ ఊకె కూసోలే. స్లివర్ల రూలు చూసి వీళ్లకు మన గొలుసుకట్టు చెరువులు యాదికొచ్చినయి. సొంతంగ ఒక కార్డుల కుటుంబం గీస్తుండ్రు, పేరు చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం, ఇట్ల. స్లివర్లల గుణం అందరికి ఒక్కసారే పోతది, ఇందుల అట్ల కాదు, చెరువులను వరుసగ పరచాలె, పై చెరువు నిండినంకనే మత్తడి దుంకి కింది చెరువుకు నీళ్లు పోతయి. ఒక్కో చెరువుకు ఎన్ని చుక్కలు పడతయో కార్డు మూలకు రాసిండ్రు. తూము కార్డు వేస్తె నీళ్లు పంటకు పోయి పాయింట్లు వస్తయి, నీరటి (చెరువు నీళ్లు వదిలేటాయన) కార్డు ఉంటె తూము ఎప్పుడు తెరవాలెనో మనం చెప్పొచ్చు, లేకుంటె చెప్పరాదు. ఎదుటోని దగ్గర గండి కార్డు ఉంటది. నిండిన చెరువు మీద గండి పడితె ఆ నీళ్లన్ని ఒక్కసారి కింది చెరువు మీద పడతయి, అది తట్టుకోకపోతె దానికీ గండి, అట్ల వరుస మొత్తం పోతది. ఆ గండి కార్డు గీసింది కేసముద్రం పిలగాడు. 2024 సెప్టెంబరు మొదట్ల వానలకు వాళ్ల దిక్కు ఇంటికన్నె దగ్గర రైలు పట్టాల కింద కంకర మట్టి అంత కొట్టుకపోయి పట్టాలు గాలిల వేలాడినయి, మీ పేపర్ల కూడ వచ్చింది కదా, ఆ బొమ్మనే గీసిండు, నీళ్ల మీద వేలాడుతున్న పట్టాలు.

మొదట్ల వీళ్లు రామప్ప, పాకాల ఒకే వరుసల పెట్టిండ్రు. నీటిపారుదల శాఖల చేసి రిటైరైన ఒక సారు లైఫ్ సర్టిఫికెట్ జిరాక్సుకని వచ్చి, నిలబడి చూసి చూసి, కోపానికి వచ్చిండు. పాకాల నీళ్లు మున్నేరుల కలిసి కృష్ణకు పోతయిరా, రామప్ప నీళ్లు గోదావరికి పోతయి, ఒకదాని మత్తడి ఇంకోదానికెట్ల దుంకుతదిరా అని గట్టిగనే అడిగిండు. మళ్ల రెండు వరుసలు చేసిండ్రు, ఒకటి కృష్ణ వరుస, ఒకటి గోదావరి వరుస, దాంతోని ఇద్దరు ఆడేటందుకు ఇంకా మంచిగ కుదిరింది. ఆ సారు ఇప్పుడు కూడ అప్పుడప్పుడు వచ్చి ఏ చెరువుకు ఏ వాగు అని చెప్పిపోతడు. సగం కార్డులు ఇంకా పెన్సిల్ మీదనే ఉన్నయి, గీసేటోడే హాస్టల్ల డెక్కు పోయిన పిలగాడు, వార్త వచ్చిన కాడికెల్లి దుకాణం దిక్కు వస్తలేడు.

నేను మిమ్మల్ని అడిగేది ఎక్కువేం లేదు. అది పేకాట కాదు, పైసలు పెట్టి ఆడిన ఆట కాదు అని అదే పేజీల రెండు లైన్లు వెయ్యండి. ఫొటో మళ్ల వెయ్యొద్దు. ఆ రెండు లైన్ల కటింగ్ పట్టుకొని నేనే వార్డెన్ గారి దగ్గరికి పోత, ఆ పిలగాని నాయనకు కూడ వాట్సాప్ చేస్త. బడుల ముందట అమ్మే మూసిన ప్యాకెట్ల మీద రాస్తె అది మాత్రం పెద్దగ రాయండి, దానికి కావాల్సిన ముచ్చట్లు మా దుకాణం పక్కన బడి దగ్గరే దొరుకుతయి. రిపోర్టర్ గారు వస్తానంటె పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాక ఉంట, ఆదివారం ఒక్కపూటే. సాయంత్రం ఐదు దాటినంక వస్తె పోరగాళ్లు కూడ ఉంటరు, ఒక డెక్కు ఆయన చేతిల పెడతరు, ఆడి చూసి రాయమనండి.

ఇట్లు
ఒక జిరాక్స్ దుకాణదారు
హనుమకొండ